డబ్బాలో మూడు పాచికలు

ఆ కందికట్టె నాలుగు పుల్లలు మంటలోకి తొయ్యి, బుజ్జీ. పొగ నీ మొహానికే కొడుతోంది, ఇటొచ్చి నా పక్కన కూచో. గెనుసుగడ్డలు అప్పుడే తియ్యకండి, పైన తోలు మాడితేగాని లోపల ఉడికినట్టు కాదు. పుష్యమాసం చలి, మంట ఆరనివ్వకూడదు.

పండక్కి అందరూ వచ్చారు, ఇల్లు నిండింది. అయితే పొద్దుగూకినకాడి నుంచి వింటున్నా, పెద్దోడు గోవా గోవా అంటున్నాడు. ఆఫీసు స్నేహితులు నలుగురు కలిసి పోతున్నారంట. నది మీద పడవలో క్యాసినో అంట. మనిషికి 3,000 కడితే అందులో 2,000కి చిప్పులు మళ్లీ మన చేతికే ఇస్తారంట, తిండి వాళ్లదేనంట. "వెయ్యి రూపాయలకే పని అయిపోయినట్టు కదా తాతయ్యా" అన్నాడు. నేను వెంటనే ఏమీ అనలేదు. ఆ మాట నేను పద్నాలుగేళ్ల వయసులో మా బాబాయి నోట విన్నా. ఆటా మారింది, ఊరూ మారింది గానీ మాట అదే. ముందు ఆ సంగతి చెప్తా. తర్వాత నీ 2,000 చిప్పులు నిజంగా ఎన్ని రూపాయలో నీ ముందే లెక్కగట్టి చూపిస్తా.

మన తల్లాడ దార్లు కలిసే ఊరు. ఖమ్మం పోయేవాడు, సత్తుపల్లి పోయేవాడు, ఏన్కూరు మీదుగా కొత్తగూడెం, భద్రాచలం పోయేవాడు ఇక్కడ ఆగి టీ తాగాల్సిందే. ఏ చేతిలో ఎప్పుడు డబ్బుంటదో ఇట్టాంటి ఊళ్లో కూచున్నవాడికి తెలిసిపోతది. ఎండాకాలం తునికాకు కల్లాల్లో కట్టల లెక్క చూసి పైసలు పంచుతారు, ఆ వారం అడవి పక్క సంతలో డబ్బా ఆటవాడు బల్ల వేస్తాడు. సింగరేణిలో జీతాలిచ్చిన రోజు కొత్తగూడెంలో పేక కలుపుతారు. మిరపకాయలు అమ్ముకొచ్చిన రైతు కోసం శివరాత్రి జాతర ఉండనే ఉంది. ఆటవాళ్లకు పంచాంగం ఉండదు, మన రాబడే వాళ్ల పంచాంగం.

మా నాయన ఇంకో మాట చెప్పేవాడు. ఆయన కుర్రతనంలో ఇటు నిజాం రాజ్యం, అటు తిరువూరు ఇంగ్లీషువాళ్ల కింద. ఇక్కడ హాలీ సిక్కా, అక్కడ కల్దారు రూపాయి. 7 హాలీలకు 6 కల్దార్లు అని మారకం. సంక్రాంతి పందేలకు హద్దు దాటి పోయేవాడు పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి డబ్బు మార్చుకోవాలి. రెండుసార్లూ షరాబు తన కొసరు తను తీసుకునేవాడు. "బరి దగ్గర గెలిచింది గెలుపు కాదురా, ఇంటికొచ్చి మొలతాడు సంచి విప్పితే మిగిలిందే గెలుపు" అనేవాడు మా నాయన. ఈ మాట గుర్తుపెట్టుకోండి, గోవా దగ్గర మళ్లీ అవసరం పడతది.

1961 శివరాత్రి. తీర్థాల జాతరకు బండి కట్టాం. ఖమ్మం దాటి, మున్నేరు ఒడ్డున సంగమేశ్వరుడి గుడి. మా బాబాయి అప్పుడే కాయలు అమ్మిన డబ్బులో 60 రూపాయలు నడుముకు కట్టుకొని వచ్చాడు. ఎద్దులకు కొత్త పట్టెడలు కొనాలని, పిన్నికి చీర కొనాలని. గుడి వెనక మామిడి చెట్ల కింద పెట్రోమాక్సు లైటు, దాని కింద బల్ల, బల్ల మీద గుడ్డ. గుడ్డ మీద ఆరు గళ్లు, ఆరు బొమ్మలు. గుండాట అంటారే, అదే. రేకు డబ్బాలో మూడు పాచికలు, ఒక్కో పాచిక ఆరు ముఖాల మీదా అవే ఆరు బొమ్మలు. నువ్వు ఒక బొమ్మ మీద రూపాయి కాస్తావు. డబ్బా గిలకొట్టి బోర్లిస్తాడు. నీ బొమ్మ ఒక పాచిక మీద పడితే రూపాయికి రూపాయి, రెండింటి మీద పడితే రెండు, మూడింటి మీద పడితే మూడు. పడకపోతే నీ రూపాయి వాడిది.

చూసేవాడికి ఎట్టా ఉంటదంటే, ఆరు బొమ్మలు, మూడు పాచికలు, కాబట్టి సగానికి సగం మనదే అనిపిస్తది. పైన రెండింతలు, మూడింతలు ఊరికే వచ్చినట్టు అనిపిస్తది. దాని మీద ఆ రాత్రి ఆటవాడు కొత్త కేక వేశాడు. "శివరాత్రి ఒక్క రాత్రికే! మూడూ ఒక్కటే పడితే మూడింతలు కాదు, పదింతలు!" జనం మూగిపోయారు. మా బాబాయి మొహం నాకు ఇప్పటికీ కళ్లముందుంది. నా భుజం పట్టుకొని, "పదింతలిస్తే వాడే మునిగిపోతాడు కదరా, మనకు పట్టెడలు ఊరికే వచ్చినట్టే" అన్నాడు. కోడి కూసేసరికి 60 రూపాయలూ పోయాయి. మూడు బొమ్మలూ ఆయనకు ఒక్కసారి కూడా పడలేదు.

ఆయన దొంగ కాదు, తాగుబోతు కాదు, సోమరి అసలే కాదు. మూడు గంటలకే లేచి మోట తోలే మనిషి. ఆయన్ను మోసం చేసింది పాచికలు కూడా కాదనుకుంటా, పదింతలనే ఆ ఒక్క మాట. అందుకే నాకు ఆ మాట మీద పట్టుదల వచ్చింది.

బడికి పోయి మా లెక్కల పంతులుగారిని అడిగా. ఆయన తిట్టలేదు, జూదం మాట ఎత్తావేంరా అనలేదు. సుద్దముక్క తీసుకొని నేల మీదే రాశారు. మూడు పాచికలు పడే తీర్లు మొత్తం ఆరు ఆరులు ముప్పై ఆరు, ముప్పై ఆరు ఆరులు 216. నీ బొమ్మ అసలు పడని తీర్లు ఎన్ని? ఒక్కో పాచికకు మిగతా ఐదు ముఖాలు, ఐదు ఐదులు ఇరవై ఐదు, ఇరవై ఐదు ఐదులు 125. ఒక్కటే పడేవి 75. రెండు పడేవి 15. మూడూ పడేది ఒకే ఒక్కటి. ఇప్పుడు 216 సార్లు రూపాయి చొప్పున కాశావనుకో. ఓడేది 125 రూపాయలు. గెలిచేది 75, రెండేసి చొప్పున 30, ఇంకో మూడు, కలిపి 108. అంటే 216 రూపాయలు తిప్పితే 17 రూపాయలు బల్లవాడికి. నూటికి దాదాపు 8.

"ఇప్పుడు వాడి పదింతలు చూద్దాం" అన్నారు. మూడింతలిచ్చేచోట పదింతలిస్తే ఎక్కువ వచ్చేది ఏడు. అది 216లో ఒక్కసారి. కాబట్టి 17లో 7 తీసేస్తే 10. నష్టం తగ్గింది, లాభం రాలేదు. నూటికి 8 పోయేచోట నాలుగున్నర పోతది, అంతే. "మరి ఎన్నింతలిస్తే సరికి సరి అవుతది పంతులుగారూ?" అని అడిగా. "నువ్వే చెప్పు" అన్నారు. 17 పూడ్చాలి, ఉన్నవి మూడు. 20 ఇంతలు. నోటితో చెప్పేసరికి నాకు ఒళ్లు జలదరించింది. వాడు పది అన్నప్పుడు పెద్దగా వినిపించింది, అసలు కావాల్సింది ఇరవై.

పెద్దోడా, లెక్క పట్టుకున్నావా? ఎవడు ఏ ఎర చూపించినా ఇదే పద్ధతి. మామూలుగా ఇచ్చేదానికంటే ఎంత ఎక్కువ ఇస్తున్నాడు, అది ఎన్ని సార్లకు ఒకసారి వస్తది, ఆ రెండూ గుణించి బల్లవాడి వాటాతో పోల్చు. కేక ఎంత పెద్దగా వేశాడన్నది లెక్కలోకి రాదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే సగమే చెప్పినట్టు. రెండేళ్ల తర్వాత ఇంకో జాతరలో ఇంకొకడు, జనం రాక బల్ల వెలవెలబోతుంటే, "గంటసేపు ఇరవై ఐదింతలు, పావలాకు మించి కాయొద్దు" అన్నాడు. నాకు లెక్క తెలుసు. ఎక్కువ 22, పోయేది 17, తేడా 5 మన వైపు. నిజంగా మంచి బేరం. నా దగ్గర నాలుగు రూపాయలున్నాయి, పదహారు పావలాలు. కూచున్నా. అప్పుడప్పుడు గెలుస్తూ ఓడుతూ గంట అయ్యేసరికి నాలుగూ పోయాయి. లెక్క తప్పలేదు. ఆ లాభమంతా 216 సార్లకు ఒకసారి వచ్చే మూడు బొమ్మల్లో దాక్కుంది, నా చేతిలో ఉన్నవి పదహారు పావలాలు. లాభం ఉందని తెలియడం వేరు, అది వచ్చేదాకా నిలబడే డబ్బుండటం వేరు. ఆ రోజు నుంచి నేను డబ్బా ముందు కూచోలేదు. పాచికల్లో సీసం పోసి ఉంటే ఈ లెక్క ఏదీ పనిచేయదన్న సంగతి కూడా తర్వాత్తర్వాత తెలిసింది.

ఆ గడ్డలు తియ్యండి ఇక, వాసన వస్తోంది. ఉప్పు అమ్మమ్మ దగ్గరుంది చూడు.

తర్వాత నేను కూడా లెక్కల పంతుల్నే అయ్యా. 2006లో మీ పెదనాన్న దగ్గరకి అమెరికా పోయా, న్యూజెర్సీ. అక్కడ మనవాళ్లు వీధులకు వీధులున్నారు. ఒకరోజు అట్లాంటిక్ సిటీ అని సముద్రం ఒడ్డున ఊరు, బస్సులో తీసుకుపోయాడు. 1978 నుంచి అక్కడ క్యాసినోలున్నాయి. బస్సు దిగగానే చేతిలో కూపన్లు పెట్టారు. అందులో ఒకటి నన్ను పట్టుకుంది. నువ్వు 10 డాలర్లు కాస్తే పక్కన ఈ కూపను పెట్టుకో, గెలిస్తే 20 ఇస్తాం, ఓడితే నీ 10, కూపనూ తీసుకుంటాం అని. నాకు తీర్థాల మామిడి చెట్లు గుర్తొచ్చాయి. కూపను వెనక పెన్నుతో లెక్క వేశా.

ఆట పేరు బ్లాక్‌జాక్. మన ఇరవై ఒకటి ఆట. ఆసుకు ఒకటి గానీ పదకొండు గానీ, బొమ్మ ముక్కలన్నిటికీ పది. ఇరవై ఒకటికి దగ్గరగా పోవాలి, దాటితే ఓడినట్టే. పంచేవాడు కూడా అట్టాగే తీసుకుంటాడు. మరి వాడికి లాభం ఎక్కడ? నువ్వు ముందు తీసుకుంటావు, నువ్వు దాటితే నీ డబ్బు అప్పుడే పోయింది. తర్వాత వాడూ దాటినా నీకు తిరిగి రాదు. ఆ ఒక్క సందులోనే వాడి వాటా అంతా ఉంది. దానికి బదులుగా నీకు కొన్ని సదుపాయాలిస్తాడు. మొదటి రెండు ముక్కల్లోనే ఆసూ పదీ పడితే, దాన్నీ బ్లాక్‌జాక్ అనే అంటారు, 100కి 150 ఇస్తాడు, రెండో ముక్క చూశాక పందెం రెట్టింపు చేసుకోనిస్తాడు, జంట పడితే విడదీసుకోనిస్తాడు. ఎప్పుడు తీసుకోవాలో, ఎప్పుడు ఆగాలో తప్పు లేకుండా తెలిసినవాడికి వాడి వాటా నూటికి అర్ధ రూపాయి చుట్టూ ఉంటది. గుండాటలో ఎనిమిది, ఇక్కడ అర. తెలియకుండా ఆడేవాడు మాత్రం రెండో, అంతకు మించో ఇచ్చుకుంటాడు.

ఆ తప్పు లేని ఆట ఏదో మొదట పూర్తిగా లెక్కగట్టి అచ్చేయించింది నలుగురు అమెరికా సైనికులు. అబర్డీన్ అనే సైనిక స్థావరంలో, బల్ల మీద పెట్టుకునే లెక్కల మిషన్లతో కూచుని చేశారు. బాల్డ్విన్, క్యాంటీ, మైసెల్, మెక్‌డెర్మట్ అని పేర్లు. 1956లో గణాంక శాస్త్ర పత్రికలో వేశారు. తర్వాత ఎడ్వర్డ్ థోర్ప్ అనే గణితం ఆయన, పడిపోయిన ముక్కలు గుర్తుపెట్టుకుంటే వాటా మన వైపు తిప్పుకోవచ్చని కంప్యూటరు మీద తేల్చి 1962లో పుస్తకం రాశాడు. మా పంతులుగారి సుద్దముక్కే వాళ్ల చేతిలో పెద్దదైందని నాకు అనిపిస్తది, అందుకే వాళ్లంటే గౌరవం.

ఇక నా కూపను. సమానమైనవి వదిలేస్తే ఈ ఆటలో నూటికి 47 సార్ల దాకా గెలుస్తాం, 53 సార్లు ఓడతాం. కూపను గెలిస్తేనే 10 తెస్తది. కాబట్టి దాని విలువ 10 కాదు, నాలుగున్నర డాలర్ల పైచిలుకు. ఒక్కసారి కాశా. అది గెలిచిందా ఓడిందా అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. కూపను అయిపోయాక ఇంకో డాలరు తియ్యకుండా లేచి, సముద్రం ఒడ్డున చెక్కబాట మీద మీ పెదనాన్నతో సాయంత్రం దాకా నడిచా. పక్కన కూచున్న ముసలావిడ కూపను అయిపోయాక సంచిలోంచి నోట్లు తీసింది. కూపను చేసే పని అదే. నాలుగున్నర డాలర్లిచ్చి కుర్చీలో కూచోబెడతది.

ఇట్టాంటి బల్లల మీద ఇంకో రకం ఎర ఉంటది. ఒక్కోసారి, ఫలానా వేళ బ్లాక్‌జాక్ పడితే 100కి 150 కాదు, 200 ఇస్తాం అంటారు. దాన్ని పాత పద్ధతిలోనే చూద్దాం. ఆసూ పదీ కలిసి పడటం దాదాపు 21 ఆటలకు ఒకసారి. ఎక్కువ వచ్చేది 50. పంచేవాడికీ అదే పడి సమానమయ్యేవి తీసేస్తే నూటికి రెండు రూపాయల ముప్పై పైసలు మనకు కలుస్తాయి. వాడి వాటా అర రూపాయి. అంటే నూటికి రూపాయి ఎనభై మన వైపే ఉంది! ఇది పదింతల కేక లాంటిది కాదు, నిజమైన లాభమే. కానీ వెంటనే చిన్న అక్షరాలు చదవాలి. రెండు గంటలే ఉంటది, పందెం 500 దాటకూడదు అంటారు. రెండు గంటల్లో 130 ఆటలు పడతాయనుకో. తిరిగేది 65,000, దానికి నూటికి 1.80 చొప్పున 1,170 రూపాయలు. ఆఫర్ అసలు విలువ అది. అయితే ఆ రెండు గంటల్లో అదృష్టం ఊపు ఎంతుంటదో తెలుసా? ఆరు వేల అయిదొందలు ఇటో అటో పోవడం చాలా మామూలు. 1,170 కోసం కూచున్నవాడు 5,000 పోగొట్టుకొని లేచినా లెక్క తప్పినట్టు కాదు. నా పదహారు పావలాల కథే ఇది.

ఇంకొన్ని బల్లల మీద కొత్తగా 100కి 150 తీసేసి 120 చేశారు. బోర్డు మీద "ఐదుకు ఆరు" అని అందంగా రాస్తారు. ఆ 30 తగ్గడం వల్ల మన వాటాలోంచి నూటికి దాదాపు రూపాయి నలభై పోతది, వాడి అర రూపాయి దాదాపు నాలుగింతలవుతది. ఇచ్చిన కూపను చేతిలో కనిపిస్తది, తీసుకున్న 30 మాత్రం కనపడదు.

బల్లవాడి లెక్క తప్పిన సందర్భం కూడా ఉంది. అదే అట్లాంటిక్ సిటీలో 2011 దాకా కొన్ని నెలల్లో డాన్ జాన్సన్ అనే ఆయన మూడు క్యాసినోల్లో కలిపి ఒకటిన్నర కోటి డాలర్లు గెలిచాడు. ముక్కలు గుర్తుపెట్టుకొని కాదు, మోసం చేసి కాదు. వ్యాపారం డీలా పడి పెద్ద పందెం కాసేవాళ్ల కోసం క్యాసినోలు ఎదురుచూస్తున్న కాలం. ఆయన కూచొని బేరమాడాడు. ఆట నిబంధనలు ఒక్కోటీ తన వైపు తిప్పించుకొని వాళ్ల వాటాను అరలో సగానికి తెచ్చాడు. దాని మీద, ఓడితే 20 శాతం వెనక్కి ఇవ్వాలని ఒప్పించాడు. రూపాయి గెలిస్తే రూపాయి ఆయనది, రూపాయి ఓడితే 80 పైసలే పోతాయి. దాదాపు సమానమైన ఆటలో ఆ 20 పైసలు ఎంత పెద్ద మాటో చూడు. అదీ ఒక హద్దు వేసుకొని ఆగినవాడికే. ఎక్కువసేపు ఆడేకొద్దీ ఆ 20 శాతం కరిగిపోతది. ఒక బల్ల దగ్గర ఒక్క రాత్రిలోనే దాదాపు 60 లక్షల డాలర్లు తీసుకుపోయాడు. ఒక్కో ఆటకు లక్ష డాలర్ల దాకా కాసేవాడు. అంత కాయగలిగినవాడికే అట్టాంటి బేరం ఇస్తారు, బస్సు దిగినవాడికి నాలుగున్నర డాలర్ల కూపనే.

ఇక ఫోన్లోకి వచ్చిన ఆట. 1967లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు, రమ్మీకి నైపుణ్యం కావాలి, అది ఉత్త అదృష్టం కాదు అన్నది. ఆ మాటను అడ్డం పెట్టుకొని తర్వాత ఎన్నో యాప్‌లు వచ్చాయి. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్ర డబ్బు ఆటలను ఆపాయి, 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం చేసింది. ఈ మధ్యలోనే నా పాత విద్యార్థి ఒకడు, మన మిట్టపల్లి వైపు కుర్రాడు, ఫోను పట్టుకొని ఇక్కడే ఈ అరుగు మీద కూచున్నాడు. 5,000 వేస్తే 5,000 బోనస్ అని చూసి దిగాడంట. నేను షరతులు చదివా. ప్రతి ఆటలో 100కి 10 ఫీజు, 10 రూపాయల ఫీజు కడితే బోనస్‌లోంచి ఒక రూపాయి వదులుతారు. మొత్తం 5,000 చేతికి రావాలంటే 50,000 ఫీజు కట్టాలి, 5 లక్షలు తిప్పాలి. వాడి డబ్బులో పదో వంతు వాడికే బోనస్ అని పేరు పెట్టి ఇచ్చారు. నేను చెప్పేసరికి వాడు ట్రాక్టరు అమ్మేశాడు. తరగతిలో సంభావ్యత పాఠం నేనే చెప్పా వాడికి. పాచికలతో చెప్పా, ఫోనుతో చెప్పలేదు. ఆ బాధ నాకు పోదు. ఈ రాత్రి మిమ్మల్ని నిద్రపోనివ్వకుండా ఈ లెక్కలన్నీ చెప్తున్నది అందుకే.

పరాయి దేశాల సైట్లలో బ్లాక్‌జాక్ బోనస్ కూడా ఇట్టాంటిదే. 1,000 వేస్తే 1,000 బోనస్, రెండూ కలిపి ఇరవై సార్లు తిప్పాలి అంటే 40,000. నూటికి అర చొప్పున 200 పోతది, 800 మిగులుతది, బాగుందే అనిపిస్తది. కింద చూస్తే, బ్లాక్‌జాక్ ఆడితే పదో వంతే లెక్కలోకి తీసుకుంటాం అని ఉంటది. అప్పుడు తిప్పాల్సింది 4 లక్షలు, పోయేది 2,000, వచ్చేది 1,000. ఆ ఒక్క వాక్యం 800 లాభాన్ని 1,000 నష్టం చేసింది.

సరే పెద్దోడా, నీ గోవా. అక్కడ 1976 చట్టాన్ని 1996లో సవరించి నీళ్ల మీద పడవల్లో బల్ల ఆటలకు అనుమతించారు, అందుకే పణజిలో మాండవి నది మీద ఆ పడవలు. నీకిచ్చే చిప్పులు ఒక్కసారి ఆడే చిప్పులు. కౌంటర్లో ఇచ్చి డబ్బు తీసుకోలేవు, కాయాల్సిందే. గెలిస్తే అసలు చిప్పులిచ్చి వీటిని తీసేసుకుంటారు, ఓడితే ఎట్టాగూ పోతాయి. నా డాలరు కూపను లాంటివే. బ్లాక్‌జాక్ బల్ల మీద 2,000కి విలువ 950 చుట్టుపక్కల. ఒక విచిత్రం చెప్తా. ఇట్టాంటి చిప్పును ఎక్కువ ఇంతలిచ్చేచోట కాస్తేనే విలువ. ఒకే సున్నా ఉన్న రూలెట్ చక్రం మీద ఒక అంకెకు 35 ఇంతలిస్తారు, 37లో ఒక వంతు అవకాశం. అక్కడ 2,000 చిప్పుల్ని వందేసి చొప్పున ఇరవై అంకెల మీద కాస్తే సగటు విలువ 1,890 దాకా పోతది. ఓడితే చిప్పు ఎట్టాగూ పోయేదే, గెలిస్తే పెద్దగా గెలవాలి, అదీ కిటుకు. ఏ బల్ల మీద ఆడనిస్తారో ముందు అడుగు.

కాబట్టి నీ వెయ్యి రూపాయల మాట పూర్తిగా తప్పు కాదు. 3,000 ఇచ్చి 950 నుంచి 1,890 మధ్య విలువ తెచ్చుకుంటావు, మిగతాది పడవకూ భోజనానికీ పోయింది. అది నీ సరదా, నేను కాదనను.

చిప్పులు అయిపోయాక ఏం చేస్తావన్నదే నా భయం. జేబులోంచి 20,000 తీసి చిప్పులు కొంటావనుకో. ఇక్కడే మా నాయన షరాబు వస్తాడు. 2023 అక్టోబరు 1 నుంచి క్యాసినో చిప్పుల కొనుగోలు మొత్తం మీద 28 శాతం జీఎస్టీ, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. ఆ భారం నీ మీద వేస్తే 20,000 మీద 8,000. తప్పు లేకుండా ఆడి, 500 చొప్పున నాలుగు గంటలు కూచున్నా బల్లవాడి వాటా 650 రూపాయలే, పన్ను 8,000. గెలిచావా, గెలిచినదాని మీద 30 శాతం ఆదాయపు పన్ను, ఓడిన ఆటలు అందులో తీసేసుకోవడానికి లేదు. నలుగురు సైనికులు, థోర్ప్, జాన్సన్ అందరూ కలిసొచ్చి నీ పక్కన కూచున్నా ఆ 8,000 ముందు చేసేదేమీ లేదు. వాళ్లు పోరాడింది నూటికి అర రూపాయితో, నీ ముందుంది నూటికి 40.

మా బాబాయి తీర్థాలలో పోయిన 60 రాబట్టుకోవాలని మరుసటి ఏడు మళ్లీ పోయాడు, ఆ పై ఏడు కూడా. 1966లో చెరువు కింద రెండెకరాలు అమ్మాడు. పిన్ని ఆ గట్టు మీదుగా నడవడం మానేసి చుట్టూ తిరిగి పొలం పోయేది.

పోయిరా నాయనా. పడవెక్కు, కడుపునిండా తిను, వాళ్లిచ్చిన 2,000 చిప్పులు ఆడు. అవి అయిపోగానే లేచి పడవ పై అంతస్తుకు పోయి నది చూడు. నీ జేబులోంచి మాత్రం ఒక్క చిప్పు కూడా కొనొద్దు.